పై క్రస్ట్ ఎక్కడ చెడుతోంది? హైదరాబాద్ వంటింటికి సమస్య - పరిష్కారం

పై (pie) అంటే మైదా, బటర్ పొరలో పండ్లో కూరో నింపి ఒవెన్‌లో కాల్చే వంటకం, ఆ పొరే క్రస్ట్. ముందు కొలత చెప్పేస్తాను. 9 అంగుళాల టిన్నులో అడుగు పొరకి మైదా 180 గ్రాములు, బటర్ 120 గ్రాములు, ఐస్ నీళ్లు 45 నుంచి 60 మిల్లీలీటర్లు. అమూల్ పసుపు బటర్ వాడితే ఉప్పు అందులోనే ఉంటుంది, మళ్లీ వేయొద్దు. టిన్ను బేగంబజార్‌లో కొంటే అడుగు ఊడివచ్చేది అడగండి, పై విరగకుండా బయటికి వస్తుంది.

పిండి చేతికి అంటుకుంటోంది, జిడ్డు తేలుతోంది

మనూళ్లో సగం క్రస్టులు ఇక్కడే పోతాయి. బటర్ 32 - 35 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, మెత్తబడడం మాత్రం చాలా ముందే మొదలవుతుంది. మే నెల మధ్యాహ్నం మా నల్లకుంట వంటింట్లో ఫ్రిజ్‌లోంచి తీసిన బటర్ ముక్క, నేను మైదా జల్లించేలోపే అంచులు జారి మెరవడం మొదలుపెడుతుంది. చలిదేశాల రెసిపీల్లో రాసే 'గది ఉష్ణోగ్రత' మన గదిది కాదు.

బటర్ ముక్కలు పిండిలో విడివిడిగా ఉంటేనే పొరలు వస్తాయి. బటర్‌లో సుమారు 16 శాతం నీళ్లే. ఒవెన్ వేడికి ఆ నీళ్లు ఆవిరై పిండిని పైకి లేపుతాయి, బటర్ కరిగిన చోట ఖాళీ మిగులుతుంది. ముందే కరిగితే మైదా దాన్ని పీల్చేసుకుంటుంది, పొరల బదులు బిస్కెట్ వస్తుంది.

అందుకే పొద్దున ఆరింటికో, రాత్రి పదయ్యాకో మొదలుపెట్టండి. బటర్ ఒక్కటే కాదు, మైదా, గిన్నె, చపాతీ కర్ర కూడా అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. బటర్‌ని శనగగింజంత ముక్కలు కోసి 15 నిమిషాలు ఫ్రీజర్‌లో ఉంచండి. గ్రానైట్ గట్టు మీద ఐస్ గడ్డలు నింపిన పళ్లెం పది నిమిషాలు పెట్టి, తీసి, తడి తుడిచి అక్కడే ఒత్తుకోండి. ఇప్పటికే జిడ్డు తేలిపోయిందా? దయచేసి పొడి మైదా చల్లకండి. ముద్దని పళ్లెంలో పల్చగా పరిచి 20 నిమిషాలు ఫ్రిజ్‌లోకి తోసేయండి.

నెయ్యి వేయొచ్చా అని చాలామంది అడుగుతారు. నెయ్యిలో నీళ్లుండవు కాబట్టి ఆవిరి పుట్టదు. కజ్జికాయలా గుల్లగా వస్తుంది, పొరలు మాత్రం రావు. ఇంట్లో చిలికిన వెన్నలో మజ్జిగ ఎంత మిగిలిందో తెలియదు, నేనైతే వాడను.

కాల్చాక చెక్కలా ఉంది, పళ్లకి సాగుతోంది

ఇది చపాతీ చేతి తప్పు. మనకి పిండి కనబడితే చాలు, మెత్తగా నున్నగా అయ్యేదాకా పిసికితే గానీ తృప్తి ఉండదు. మైదాకి నీళ్లు తగిలి ఎంత మర్దిస్తే గ్లుటెన్, అంటే పిండిని సాగేలా చేసే జిగురు, అంత బిగుస్తుంది. నీళ్లు ఒక్కో చెంచా వేస్తూ వేలి కొసలతో కలపండి. సున్నుండ పిండిని పిడికిట్లో నొక్కితే ముద్ద నిలుస్తుందే, అలా నిలవగానే ఆపేయండి. చూడ్డానికి పొడిపొడిగా, అక్కడక్కడ పసుపు మచ్చలతో అసహ్యంగానే ఉంటుంది. అలాగే చుట్టి గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి.

ఒత్తేటప్పుడు అంచులు పగిలితే మాత్రం మరీ చల్లగా ఉందని అర్థం. రెండు మూడు నిమిషాలు బయట ఉంచితే చాలు. చిన్న పగుళ్లకి తడి వేలు రాసి అతికించండి.

ఒవెన్‌లో పక్కలు జారి కుంచించుకుపోయింది

టిన్నులోకి లాగి సాగదీశారన్నమాట. సాగిన పిండి వేడికి వెనక్కి వస్తుంది. అంచు పైకెత్తి, మూలలోకి దాని బరువుతోనే జారనివ్వండి. అమర్చాక మళ్లీ అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, మీద బటర్ పేపర్ పరిచి రాజ్మా గానీ శనగలు గానీ అంచుదాకా నింపి కాల్చండి. ఆ గింజల్ని వేరే డబ్బాలో దాచి మీద పేరు రాసుకోండి. ఓసారి మా అత్తమ్మ తెలియక వాటిని నానబెట్టారు. పది విజిల్స్ వచ్చినా ఉడికితే ఒట్టు!

అంచులు ఎర్రగా కాలాయి, అడుగు పచ్చిగా ఉంది

పేరుకి 'పై' గానీ గొడవంతా అడుగునే. చిన్న ఓటీజీల్లో (ఇంట్లో వాడే కరెంటు ఒవెన్లలో) పైభాగాన ఉండే వేడి రాడ్ దగ్గరగా ఉంటుంది, అడుగుకి వేడి అందేలోపే పైన రంగు వచ్చేస్తుంది. 200 డిగ్రీల్లో 20 నిమిషాలు ముందే వేడి చేసి, రెండు రాడ్లూ పెట్టి, కింది అరలో ఉంచండి. గాజు గిన్నె కన్నా లోహపు టిన్నే త్వరగా వేడెక్కుతుంది. గింజలతో 20 నిమిషాలు, అవి తీసేశాక అడుగు ఆరినట్టు కనబడేదాకా ఇంకో 8 - 10 నిమిషాలు కాల్చండి. అంచులు నల్లబడుతుంటే ఫాయిల్ చుట్టండి.

మామిడిపండు పై అయితే ఇంకో చిక్కు. బంగినపల్లి ముక్కలకి చక్కెర తగలగానే నీళ్లూరుతాయి. ముక్కల్లో చక్కెర కలిపి అరగంట ఉంచి, వడకట్టి, ఆ రసాన్ని కార్న్‌ఫ్లోర్‌తో చిక్కగా ఉడికించి చల్లార్చాకే కలపండి. కాల్చిన క్రస్ట్ అడుగున గుడ్డు తెల్లసొన పూసి, రెండు నిమిషాలు మళ్లీ ఒవెన్‌లో పెడితే తడి దిగదు. గుడ్డు తినని వాళ్లు వేయించిన బొంబాయి రవ్వ ఒక చెంచా చల్లుకోండి.

మిగిలిన పిండి అంచుల్ని మళ్లీ ముద్ద చేసి ఒత్తితే గట్టిపడతాయి. నేను వాటి మీద జీలకర్ర, కాస్త కారం చల్లి, 180 డిగ్రీల్లో పన్నెండు నిమిషాలు పెడతాను. పై చల్లారేలోపు చాయ్‌లోకి అవే.