చిన్నపిల్లలతో లండన్‌లో ఒక రోజు గడపడం ఎలా?

ఐదారేళ్లలోపు పిల్లలను వెంటబెట్టుకుని లండన్ చూడాలనుకునేవారు ఆ రోజుకు ఒక్క పేటను ఎంచుకుని, మిగిలినవాటిని మరో రోజుకు వదిలేయడం మంచిది. టవర్ బ్రిడ్జి నుంచి బకింగ్‌హామ్ ప్యాలెస్ దాకా అన్నీ ఒకేరోజు చుట్టబెడితే పిల్లలకు అలసటే మిగులుతుంది. మొదటిసారి వెళ్లేవారికి నేను సౌత్ కెన్సింగ్టన్‌ను సూచిస్తాను. అక్కడ నేచురల్ హిస్టరీ మ్యూజియం, సైన్స్ మ్యూజియం పక్కపక్కనే ఉన్నాయి, రెండింటికీ ప్రవేశం ఉచితం, పైగా హైడ్ పార్క్ నడిచి వెళ్లే దూరంలో ఉంది.

పదకొండేళ్లలోపు పిల్లలకు, టికెట్టు ఉన్న పెద్దవారు వెంట ఉంటే, ట్యూబు (భూగర్భ) రైల్లోనూ బస్సులోనూ ఛార్జీ ఉండదు. పెద్దలు మాత్రం ఎవరి చెల్లింపు కార్డును వారే అక్కడి యంత్రానికి తాకించాలి. బస్సుల్లో నగదు తీసుకోరు. చాలా ట్యూబు స్టేషన్లలో లిఫ్టు లేదు కనుక స్ట్రాలర్ (పిల్లల తోపుడు బండి) ఉన్నవారికి బస్సే సుఖం. ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి 9వ నంబరు బస్సెక్కి రాయల్ ఆల్బర్ట్ హాల్ దగ్గర దిగితే మ్యూజియాలు అక్కడికి కొద్ది నడకే. వీల్‌చైర్‌లో ఎవరైనా ఎక్కితే స్ట్రాలర్ మడిచి చోటివ్వాలి కాబట్టి, తేలిగ్గా మడిచేదాన్నే తీసుకెళ్లాలి.

నేచురల్ హిస్టరీ మ్యూజియం పదింటికి తెరుస్తారు. ఉచిత టికెట్టును ముందే ఆన్‌లైన్‌లో తీసుకుని, తెరిచే వేళకు చేరుకోవడం మేలు. పెద్ద హాల్లో పైకప్పు నుంచి 25 మీటర్ల నీలి తిమింగలం అస్థిపంజరం, నోరు తెరుచుకుని కిందికి దూకుతున్నట్టుగా వేలాడుతుంది. 2017లో దాన్ని అక్కడ అమర్చారు. మా చిన్నది దాని కింద నిలబడి, తల వెనక్కి వాల్చి, పక్కటెముకలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పదహారు దగ్గర తప్పిపోయి, మళ్లీ ఒకటి నుంచి ఎత్తుకుంది. అలాంటప్పుడు తొందరపెట్టవద్దు, డైనోసార్లను పది నిమిషాలు ఆలస్యంగా చూసినా ఏమీ కాదు.

పన్నెండు గంటలకల్లా పిల్లలకు అన్నం పెట్టేయాలి. ఆకలి ముదిరాక వరుసలో నిలబడటం వారివల్ల కాదు. పొద్దున్నే కలిపి డబ్బాలో పెట్టుకున్న పెరుగన్నం, పులిహోర ఇక్కడ ఎంతో ఆదుకుంటాయి. తరువాత సైన్స్ మ్యూజియం అంతా తిప్పకుండా, కింది అంతస్తులో మూడు నుంచి ఆరేళ్లవారి కోసం ఏర్పాటు చేసిన ఆటస్థలానికి మాత్రం తీసుకెళ్లండి. అక్కడ నీళ్లతో ఆడతారు కనుక ఒక జత బట్టలు అదనంగా ఉండాలి.

మధ్యాహ్నం ఎగ్జిబిషన్ రోడ్డు వెంట ఉత్తరంగా నడిస్తే పార్కు వస్తుంది. స్ట్రాలర్‌లో చిన్నవారు నిద్రపోయేదీ, పెద్దవారు కాళ్లు చాపుకునేదీ ఇక్కడే. ఎండ కాస్తే 2004లో ప్రారంభమైన డయానా స్మారక జలధార దగ్గర కూర్చుని పిల్లలు పాదాలు తడుపుకోవచ్చు, కానీ రాయి జారుతుంది కాబట్టి చెయ్యి పట్టుకునే ఉండాలి. ఆఫీసులు వదిలే వేళకు బస్సులు కిక్కిరిసిపోతాయి; నాలుగున్నరకల్లా తిరుగుబస్సు ఎక్కేయండి.