సర్వీసు నిబంధనల సవరణ ప్రతిపాదన తయారు చేసే పద్ధతి

గోదావరి డెల్టాలో పనిచేసే శాఖాధికారి ఎవరైనా పాత సర్వీసు నిబంధనలకు (నియామకం, అర్హతలు, పదోన్నతుల నియమాలకు) సవరణ ప్రతిపాదించేటప్పుడు విద్యార్హతల జోలికి వెళ్లేముందు ఆ పోస్టులో ఏడాది పొడవునా జరుగుతున్న పనిని రాసుకోవాలి. కాలువల మీద తూములు, నీటి విడుదల చూసుకునే కాలువ లస్కరు పోస్టునే తీసుకుందాం. సార్వాలో (ఖరీఫ్‌లో) ధవళేశ్వరం బ్యారేజీ నుంచి నీరు నిండుగా వస్తున్నప్పుడు అతని పని ఒక తీరుగా ఉంటే, దాళ్వాలో (రబీలో) వంతులవారీగా నీరు వదిలే రోజుల్లో రాత్రిళ్లు తూముల దగ్గర కాపలా కాయవలసి రావడం వల్ల అదే పని రెట్టింపవుతుంది. వేసవిలో కాలువలు కట్టేశాక మళ్లీ మారిపోతుంది. మంజూరైన పోస్టుల సంఖ్య ఒక్కటే చూపితే ఈ తేడా పైవారికి తెలియదు. అందుచేత మంజూరైనవి, భర్తీ అయినవి, ఖాళీలు, పొరుగు సేవల సిబ్బందితో నడుస్తున్నవి సెక్షన్లవారీగా విడివిడిగా చూపి, పక్కనే కాలానుగుణమైన పనిభారాన్ని రాయాలి.

అర్హత పనికి తగినంతే ఉండాలి. నీటిమట్టం చూసి ఫోనులో నమోదు చేయగలగాలంటే దానికి ప్రయోగ పరీక్ష పెడితే సరిపోతుంది. డిగ్రీ అడిగితే దరఖాస్తులు పెరుగుతాయేమో గాని గట్టు మీద నిలిచే మనిషి దొరుకుతాడన్న భరోసా లేదు.

రాజ్యాంగం 309వ అధికరణ కింద గవర్నరు పేరిట ఒక్కో సర్వీసుకు విడిగా వెలువడే ప్రత్యేక నిబంధనలను, అన్ని సర్వీసులకూ ఉమ్మడిగా వర్తించే 1996 నాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసు నిబంధనలతో కలిపి చదివి, పరస్పరం పొసగని చోట్లను గుర్తించాలి. 371-డి అధికరణ కింద వచ్చిన 1975 రాష్ట్రపతి ఉత్తర్వులోని స్థానిక కేడర్లను, అంటే జిల్లా, జోన్ల వారీగా విడదీసిన పోస్టుల వర్గాలను, రాష్ట్రం తన నిబంధనలతో మార్చజాలదు. 2022 ఏప్రిల్ 4న అమలాపురం, భీమవరం జిల్లా కేంద్రాలైనంత మాత్రాన నియామక యూనిట్ (ఏ ప్రాంతాన్ని ఒక యూనిట్‌గా తీసుకుని పోస్టులు నింపుతారో అది) తనంతట తాను మారిపోదు కాబట్టి, ముసాయిదాలో కొత్త జిల్లా పేరు వేసేముందు అమల్లో ఉన్న ఉత్తర్వును సరిచూసుకోవాలి.

వివాదాలు ఎక్కువగా పుట్టేది అమలు తేదీ దగ్గర. సవరణకు ముందు ఏర్పడిన ఖాళీలను పాత నిబంధనలతోనే నింపాలని మన రిజిస్ట్రేషన్ శాఖ పదోన్నతుల వ్యవహారంలో సుప్రీంకోర్టు 1983లో చెప్పింది. 2022లో ఆ సూత్రాన్ని తోసిపుచ్చింది. నియామక ప్రక్రియ మొదలయ్యాక, నిబంధనలు అనుమతిస్తే తప్ప, అర్హతలను మధ్యలో మార్చరాదని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం తీర్పునిచ్చింది. అందువల్ల ఏ ఖాళీలకు ఏ నిబంధన వర్తిస్తుందో ముసాయిదాలోనే విడిగా ఒక క్లాజు రాసి, పదోన్నతికి అర్హులైన కింది కేటగిరీల సీనియారిటీ జాబితాలను జతచేయాలి. కొత్త పోస్టులు అడుగుతున్నట్లయితే ఆర్థిక శాఖ అంగీకారం కోసం వ్యయ అంచనాను కూడా అదే ఫైలులో పెట్టాలి.