స్పీక్ అండ్ స్పెల్ మూగబోతే: సమస్య - పరిష్కారం

టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1978లో తెచ్చిన మాట్లాడే బొమ్మ స్పీక్ అండ్ స్పెల్ పదం పలికి స్పెల్లింగ్ అడుగుతుంది. 1980లో వచ్చిన దాని తోడు స్పీక్ అండ్ మ్యాథ్ లెక్కలు చేయిస్తుంది. వీటిలో టేపూ లేదు, రికార్డూ లేదు. మాటలన్నీ చిప్‌లో అంకెలుగా ఉంటాయి కనుక గొంతు అరిగిపోదు. గొంతు తేడాగా ఉంటే ముందు కరెంటు దారి చూడండి. చిప్ పోయిందనుకుని బొమ్మను విడిభాగాల కింద అమ్మేయకండి.

ఆన్ కావడం లేదు

స్పీక్ అండ్ స్పెల్‌కు 4 సి సైజు సెల్స్, అంటే 6 వోల్టులు కావాలి. ఏళ్ల తరబడి లోపలే ఉండిపోయిన ఆల్కలైన్ సెల్స్ కారి, స్ప్రింగుల మీద తెల్లటి పొడి కడుతుంది. అది క్షారం. గ్లవ్స్ వేసుకుని, వెనిగర్‌లో ముంచిన దూదిపుల్లతో నురగ ఆగేదాకా తుడవండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. తుప్పు మిగిలితే సన్నని గరుకు కాగితంతో రుద్దండి. స్ప్రింగు దగ్గరి తీగ లోపలిదాకా ఆకుపచ్చగా మారితే దాన్ని శుభ్రం చేయడం దండగ, దాని మీద సోల్డర్ పట్టదు. కొత్త తీగ వేయండి.

అడాప్టర్‌తో పనిచేసి సెల్స్‌తో పనిచేయకపోతే, అడాప్టర్ జాక్‌లోని స్విచ్ పలకలను అనుమానించండి. ప్లగ్ పెట్టగానే సెల్స్‌ను విడదీసేవి అవే. కాంటాక్ట్ క్లీనర్ చుక్క వేసి, ప్లగ్‌ను పది పదిహేనుసార్లు పెట్టి తీయండి.

అమెరికా నుంచి తెచ్చిన పాత అడాప్టర్ 120 వోల్టులది. మన 230 వోల్టుల ప్లగ్‌లో పెడితే కాలిపోతుంది. ఇక్కడి 6 వోల్టుల డీసీ అడాప్టర్ వాడేముందు ప్లస్, మైనస్ ఎటున్నాయో పాతదాని మీది గుర్తుతో సరిచూడండి.

కొన్ని నిమిషాలు ముట్టుకోకపోతే బొమ్మ తనంతట తానే ఆరిపోతుంది. అది లోపం కాదు.

తెర వెలుగుతుంది, మాట రాదు

స్పీకర్ దారి చాలాసార్లు ఇయర్‌ఫోన్ జాక్ దగ్గరే తెగుతుంది. అడాప్టర్ జాక్‌కు చెప్పిన కాంటాక్ట్ క్లీనర్ చిట్కా ఇక్కడా పనికొస్తుంది. అయినా మాట రాకపోతే స్పీకర్ తీగ ఒకటి ఊడదీసి, మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి స్పీకర్‌కు తాకించండి. చిన్న అంకె, సన్నని టిక్ చప్పుడు వస్తే స్పీకర్ బాగున్నట్టే. ఏమీ రాకపోతే కాయిల్ తెగింది.

మాట ముద్దగా వస్తుంది, తెర మసకబారింది

సెల్స్ ఉత్తినే ఉన్నప్పుడు కాదు, బొమ్మ మాట్లాడుతున్నప్పుడు వోల్టేజి కొలవండి. 5 వోల్టుల కిందికి జారితే సెల్స్ మార్చండి. అవి బాగుంటే లోపలి పవర్ బోర్డు చూడండి. ఆ ఆకుపచ్చటి వాక్యూమ్ ఫ్లోరోసెంట్ (గాలి తీసేసిన గాజులో వెలిగే) తెరకు 6 వోల్టులు చాలవు, ఆ బోర్డు పెంచి ఇవ్వాలి. దాని మీది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయి ఉండవచ్చు. పాతవాటి మీద రాసి ఉన్న అదే మైక్రోఫారడ్ విలువ, అంతే లేదా అంతకన్నా ఎక్కువ వోల్టులు గలవి, ధ్రువాలు తప్పకుండా వేయండి. తెర గాజులోని వెండి మచ్చ పాలలా తెల్లబడి ఉంటే మాత్రం గాలి చొరబడిందన్నమాట. దానికి మరమ్మతు లేదు.

కొన్ని అక్షరాలు పడటం లేదు

మొదటి రకంలో ఉబ్బెత్తు బటన్లుంటాయి, తర్వాతివి చదునైన మెంబ్రేన్ కీబోర్డువి. ఒక్క కీ పడకపోతే లోపం ఆ చోటే. ఒక వరుస మొత్తం పడకపోతే కీలు కాదు, వాటి తీగ. మెంబ్రేన్ రకంలో రిబ్బన్ కొసను నిటారుగా బయటికి తీసి, ఆల్కహాల్ తడిపిన దూదితో ఒక్కసారి మెల్లగా తుడిచి మళ్లీ పెట్టండి. రుద్దితే మీది ముద్ర లేచిపోతుంది, మడిస్తే విరుగుతుంది. విరిగినచోట కండక్టివ్ సిల్వర్ పెయింట్ సన్నగా గీయాలి. సోల్డర్ పెడితే ప్లాస్టిక్ కరిగిపోతుంది.

సంబంధం లేని మాటలు పలుకుతుంది

అదనపు మాడ్యూల్ (కొత్త పదాలు చేర్చే చిన్న కార్ట్రిడ్జ్) పెట్టి ఉంటే తీసి చూడండి. అప్పుడు సరిగ్గా పలికితే మాడ్యూల్ అంచు కాంటాక్టులను మెత్తని రబ్బరుతో తుడిచి, ఆల్కహాల్‌తో శుభ్రం చేసి, ఆరాక బొమ్మ ఆఫ్‌లో ఉన్నప్పుడే తిరిగి పెట్టండి.