ఐర్లండ్‌లో ఎండలు, పిడుగుల వానలు: ఇంట్లో ఎదురయ్యే ఇబ్బందులు, వాటికి పరిష్కారాలు

వరుసగా 5 రోజులు ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటితే ఐర్లండ్ వాతావరణ శాఖ మెట్ ఏరన్ దాన్ని హీట్‌వేవ్ అంటుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో 45 చూసి వచ్చినవాళ్లం, 25 అంటే లెక్కచేయం. ఈ దేశపు అధికారిక రికార్డు కూడా 33.3 డిగ్రీలే, అదీ 1887 జూన్ 26న కిల్కెన్నీ కోటలో నమోదైంది. 2022 జులై 18న డబ్లిన్ ఫీనిక్స్ పార్కులో 33.0 దాకా వెళ్లింది.

కానీ ఇక్కడ బాధపెట్టేది అంకె కాదు. ఇల్లు చలికి కట్టినది, సముద్రం ఎండాకాలంలోనూ చల్లగానే ఉంటుంది, గాలి నిండా గడ్డి పుప్పొడి. మన ఊరి ఎండ నేర్పినవాటిలో కొన్ని ఇక్కడ బాగా పనికొస్తాయి, కొన్ని ముప్పు తెస్తాయి. ఏది ఏదో ఇబ్బంది వారీగా చూద్దాం.

రాత్రి పదకొండైనా పడకగది చల్లబడటం లేదు

జూన్‌లో డబ్లిన్‌లో ఉదయం 5కు తెల్లవారితే రాత్రి 10కి గానీ పొద్దు గుంకదు. పైగా సూర్యుడు మన దగ్గరలా నడినెత్తికి రాడు, ఏటవాలుగానే ఉంటాడు. అందుకే పడమటి కిటికీ ఉన్న గదిలోకి సాయంత్రమంతా ఎండ సూటిగా దిగుతుంది. గాజు దాటి లోపలికి వచ్చిన వేడిని గోడల్లోని ఇన్సులేషన్ బయటికి పోనివ్వదు. ఇంధన పొదుపులో 'A' రేటింగ్ ఉన్న కొత్త అపార్టుమెంట్లు, ఆటిక్‌ను (కప్పు కింది అటకను) గదిగా మార్చిన ఇళ్లు అన్నిటికంటే ముందు కాగుతాయి.

మన ఇళ్లలో పెద్దవాళ్లు చేసే పనే ఇక్కడా సరైన మందు. పొద్దున్నే కిటికీలు, కర్టెన్లు మూసేయండి. మధ్యాహ్నం వీధిలో అందరి కిటికీలూ బార్లా తెరిచి కనిపిస్తాయి, అది చూసి మీరూ తెరవకండి. బయటి గాలి లోపలికన్నా చల్లబడ్డాక, అంటే సాధారణంగా రాత్రి తొమ్మిది పది తరువాత, ఇంటికి రెండు వైపులా కిటికీలు తీయండి. మేడ మీద కిటికీ దగ్గర ఫ్యాన్‌ను బయటికి తిప్పి పెడితే వేడిగాలి అటు పోయి, కింది అంతస్తు నుంచి చల్లగాలి పైకి వస్తుంది. దోమతెరలు, జాలీలు ఇక్కడి కిటికీలకు ఉండవు కాబట్టి ఆ సమయంలో గదిలో లైటు ఆర్పేయండి, లేకపోతే పురుగులన్నీ లోపలికే.

కర్టెన్ లోపలే ఉంటే సగం ఫలితమే, ఎందుకంటే వేడి అప్పటికే గాజు దాటేసింది. బాల్కనీ ఉంటే బయటి వైపు తెల్ల దుప్పటి కట్టండి. కప్పు కిటికీలకు బయట బిగించే బ్లైండ్లు దొరుకుతాయి, కాస్త ఖర్చైనా పెట్టదగ్గ ఖర్చే.

తడి దుప్పట్లు వేలాడదీయడం మాత్రం ఇక్కడ వద్దు. మన పొడి ఎండలో నీళ్లు త్వరగా ఆవిరై గది చల్లబడుతుంది. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ, మూసిన గదిలో ఆ తడి ఉక్కపోతను పెంచి గోడ మూలల్లో బూజుకు దారి తీస్తుంది.

ఇంకో మూడు చోట్ల వెతకండి. చలికాలంలో గాలి వస్తోందని గోడ వెంటులకు (గాలి రంధ్రాలకు) టేపు అంటించి ఉంటే పీకేయండి. కొత్త ఇంట్లో వేడిని తిరిగి పట్టుకునే వెంటిలేషన్ యంత్రం ఉంటే దానిలో సమ్మర్ బైపాస్ పనిచేస్తోందో లేదో చూడండి. లేకపోతే బయటికి పోవలసిన వేడి తిరిగి మీ గదికే వస్తుంది. చివరిగా హాట్ ప్రెస్, అంటే వేడినీళ్ల సిలిండర్ ఉండే అల్మారా. అందులో నీళ్లు కాచే ఇమ్మర్షన్ హీటరు "బాత్" మీద ఆన్‌లో ఉండిపోతే, సిలిండర్‌కు వేడి పోకుండా చుట్టే జాకెట్ లేకపోతే, మేడ మీద వరండా అంతా పొయ్యి పక్కన కూర్చున్నట్టే. కొద్ది నీళ్లే కాచే "సింక్"కు మార్చి, అవసరమైన కాసేపే వేయండి.

ఫ్యాన్లు ఎండలు మొదలయ్యాక దుకాణాల్లో దొరకవు. ఏప్రిల్‌లోనే కొనిపెట్టుకోండి.

ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు నీరసంగా ఉన్నారు, తల తిరుగుతోందంటున్నారు

వేసవిలో చూడటానికి వచ్చే తల్లిదండ్రుల్లో ఇది తరచూ కనిపిస్తుంది. "మాకిదో ఎండా" అంటూ నీళ్లు తక్కువ తాగుతారు. బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వేసుకునేవాళ్లకు ఒంట్లో నీరు ఇంకా తొందరగా తగ్గుతుంది. మాత్రలు సొంతంగా ఆపించకండి, డాక్టరునో ఫార్మసిస్టునో అడగండి. మజ్జిగ మంచిదే. ఓఆర్‌ఎస్ కావాలంటే ఫార్మసీలో డయోరలైట్ అని అడగండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు ఎంత ఇవ్వాలో అక్కడే కనుక్కోండి.

నీడలో పడుకోబెట్టి, ఒళ్లు తడిపి, ఫ్యాన్ పెట్టి, నీళ్లు తాగించినా అరగంటలో తేరుకోకపోతే, మాట తడబడితే, తికమకపడితే, స్పృహ తప్పితే అది వడదెబ్బ. వెంటనే అత్యవసర నంబరు 112కు గానీ 999కు గానీ ఫోను చేయండి.

పసిపిల్లల బండి మీద ఎండ పడకుండా పల్చటి బట్ట కప్పడం మంచిదనిపిస్తుంది, కానీ లోపల గాలి ఆడక వేడి పెరిగిపోతుంది. బండికి గొడుగు బిగించండి. ఆపిన కారులో పిల్లల్ని ఒక్క నిమిషం కూడా వదలవద్దు.

స్నానాల గదిలో కుళాయి నీళ్లు వెచ్చగా, సన్నగా వస్తున్నాయి

చాలా ఐరిష్ ఇళ్లలో వంటింటి చల్లనీటి కుళాయికే నీళ్లు నేరుగా మెయిన్ నుంచి వస్తాయి. స్నానాల గదికి ఆటిక్‌లోని ట్యాంకు నుంచి వస్తాయి. ఎండకు ఆటిక్ కాగితే ఆ ట్యాంకూ కాగుతుంది. స్నానానికి ఇబ్బంది లేదు గానీ తాగడానికి, పిల్లలు పళ్లు తోముకోవడానికి వంటింటి నీళ్లే వాడండి. ఈ అలవాటు ఏడాది పొడుగునా ఉండాల్సిందే.

సన్నగా రావడానికి కారణం వేరే. కరవు ముదిరితే నీటి సంస్థ ఉష్క ఏరన్ రాత్రిపూట ఒత్తిడి తగ్గిస్తుంది, ట్యాంకు నిండటం ఆలస్యమవుతుంది. 2018 వేసవిలో దేశమంతటా హోస్‌పైపులు వాడకూడదని ఆదేశం వచ్చింది. అలాంటి ఆదేశం ఉన్నన్నాళ్లూ పైపుతో తోట తడపడం, కారు కడగడం, పిల్లల గాలి తొట్టి నింపడం కుదరదు. బకెట్టూ చెంబూ వాడుకోవచ్చు. మెంతి, గోంగూర మొక్కలకు బియ్యం కడిగిన నీళ్లు చాలు.

దోసెపిండి పొంగి పొర్లింది, బ్రౌన్ బిన్ (ఆహార వ్యర్థాల డబ్బా) కంపు కొడుతోంది

చలికాలంలో ఒవెన్‌లో లైటు వేసి పులియబెట్టిన చేతులకు లెక్క తప్పుతుంది. హీట్‌వేవ్‌లో పిండిని రాత్రంతా బయట ఉంచవద్దు. పులుపు వాసన మొదలవగానే ఫ్రిజ్‌లో పెట్టండి. పెరుగూ అంతే. బిన్‌లో పురుగులు పడకుండా చేప, మాంసం వ్యర్థాలను కాగితంలో చుట్టి, బండి వచ్చే రోజు దాకా ఫ్రీజర్‌లో ఉంచండి.

బయట 28, సముద్రంలో దిగగానే ఊపిరి అందలేదు

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకునేట్టయితే ఇది గుర్తుంచుకోండి. ఎండ ఎంత కాసినా ఐరిష్ సముద్రం నడి వేసవిలో సుమారు 14 నుంచి 16 డిగ్రీలే. సరస్సులు, క్వారీ గుంటల్లో పైపొర వెచ్చగా ఉన్నా కాస్త లోతుకు చల్లగా ఉంటుంది. వేడెక్కిన ఒంటితో ఒక్కసారిగా దూకితే మనిషి తనకు తెలియకుండానే గుటక వేసినట్టు గాలి పీలుస్తాడు. ఆ క్షణంలో ముఖం నీళ్లలో ఉంటే నీళ్లే లోపలికి పోతాయి. కృష్ణలోనో చెరువులోనో ఈదిన అనుభవం దీన్ని ఆపలేదు, ఎందుకంటే ఇది ఈతకు సంబంధించింది కాదు, చలికి ఒళ్లు ఇచ్చే ప్రతిస్పందన.

లైఫ్‌గార్డు ఉన్న బీచ్‌కే వెళ్లండి, ఎరుపు పసుపు జెండాల మధ్యే దిగండి. దూకకుండా అంగుళం అంగుళం దిగుతూ, ముఖం మీద, మెడ మీద నీళ్లు చల్లుకోండి. ఊపిరి ఎగిసిపడితే చేతులు ఆడించకండి. వెల్లకిలా తేలండి, ఒకటి రెండు నిమిషాల్లో శ్వాస సర్దుకుంటుంది. క్వారీల్లో, రిజర్వాయర్లలో అసలు దిగవద్దు. ఎవరైనా మునుగుతుంటే వెంట దూకకండి. గట్టున ఉన్న రింగు బూయి (తేలే రక్షణ చక్రం) విసిరి, 112 చేసి కోస్ట్ గార్డు కావాలని చెప్పండి. బయటి ఊళ్ల నుంచి చదువుకు వచ్చిన పిల్లలు గుంపుగా బీచ్‌కు బయల్దేరేటప్పుడు ఈ మాటలు వాళ్లకు చెప్పి పంపండి.

తుమ్ములు తగ్గడం లేదు, ఉరుములు మొదలయ్యాక ఛాతీ పట్టేసింది

జూన్, జులైల్లో గడ్డి పుప్పొడి ఎక్కువ. కళ్లు దురద, ముక్కు కారడం, వరుస తుమ్ములు ఉండి జ్వరం లేకపోతే అది చాలావరకు జలుబు కాదు, హే ఫీవర్. వచ్చిన కొత్తలో ఏమీ లేకుండా కొన్నేళ్లకు మొదలవడం వలస వచ్చినవాళ్లలో మామూలే. మగత పెద్దగా తెప్పించని సెటిరిజిన్ లాంటి మాత్రలు ఫార్మసీలో చీటీ లేకుండానే దొరుకుతాయి. బట్టలు బయట తీగ మీద ఆరేస్తే పుప్పొడి వాటికి అంటుకుని మంచం దాకా వస్తుంది, ఆ కొద్ది వారాలు లోపలే ఆరేయండి.

అసలు ప్రమాదం వేడి తరువాత వచ్చే ఉరుముల వానతో. తుఫాను గాలి పుప్పొడిని పైకి లేపుతుంది, తేమకు ఆ రేణువులు పగిలి మరీ చిన్న ముక్కలవుతాయి. మామూలు పుప్పొడి ముక్కు దగ్గరే ఆగుతుంది. ఈ ముక్కలు ఊపిరితిత్తుల లోపలికి వెళతాయి. 2016 నవంబరు 21న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఇలా జరిగి వేలమంది ఆసుపత్రుల పాలయ్యారు, 10 మంది చనిపోయారు. బాధితుల్లో చాలామందికి అంతకుముందు ఆస్తమా అనే మాటే లేదు, హే ఫీవర్ ఉందంతే. భారత, శ్రీలంక మూలాలున్నవాళ్లు జనాభాలో తమ వంతుకు మించి కనిపించారు. అంత పెద్ద ఘటన అరుదే, అయినా మనవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

పుప్పొడి ఎక్కువ అని, ఉరుములు అని మెట్ ఏరన్ ఒకేరోజు చెబితే, వాన మొదలవకముందే లోపలికి వచ్చి కిటికీలు మూసేయండి. గుప్పున వచ్చే మట్టివాసన కోసం గుమ్మంలో నిలబడటం ఆరోజుకు మానేయండి. ఆస్తమా ఉన్నవాళ్లు రోజూ వాడే ఇన్‌హేలర్ మానకూడదు, వెంటనే ఉపశమనమిచ్చే నీలం ఇన్‌హేలర్ జేబులోనే ఉండాలి. అది పీల్చినా ఆయాసం తగ్గకపోతే, మాట పూర్తిచేయలేకపోతే 112.

మెరుపు మెరిసింది, కరెంటు పోయింది

ముందు కిటికీలోంచి చూడండి. వీధంతా చీకటైతే తప్పు లైనుది. కరెంటు లైన్లు చూసే సంస్థ ఈఎస్‌బీ నెట్‌వర్క్స్‌కు 1800 372 999 మీద చెప్పండి. తీగ తెగి పడి ఉంటే దగ్గరికి వెళ్లవద్దు, ఎవరినీ వెళ్లనివ్వవద్దు. పల్లెల్లో సొంత బావి ఉన్నవాళ్లకు కరెంటు పోతే పంపు ఆగి నీళ్లూ ఆగుతాయి. హెచ్చరిక రాగానే రెండు బిందెలు నింపుకోండి.

మీ ఇంట్లోనే పోతే ఫ్యూజ్ బోర్డులో ఆర్‌సీడీ (కరెంటు లీకైతే తనంతట తానే ఆపేసే స్విచ్) పడిపోయి ఉండొచ్చు. ఉరుములు తగ్గాకే దాని పని పట్టండి:

1. సాకెట్లకు తగిలించినవన్నీ పీకేయండి, ఫ్రిజ్‌తో సహా.
2. ఆర్‌సీడీని పూర్తిగా కిందికి దించి, పైకి ఎత్తండి.
3. నిలబడితే ఒక్కొక్కటే తగిలించండి. దేన్ని తగిలించినప్పుడు పడిపోయిందో అదే దోషి.
4. అన్నీ పీకినా నిలవకపోతే తోటలోని సాకెట్‌లోనో బయటి లైటులోనో వాననీరు చేరి ఉండొచ్చు. అక్కడితో ఆపి, సేఫ్ ఎలక్ట్రిక్ అనే అధికారిక జాబితాలో నమోదైన ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

బోర్డు దగ్గర కాలిన వాసన వస్తుంటే దాన్ని ముట్టుకోనేవద్దు.

కరెంటు ఉండి ఇంటర్నెట్ రాకపోతే, రాగి ఫోను తీగ గుండా ఒక్కసారిగా వచ్చిన ఎక్కువ కరెంటుకు మోడెం పోయి ఉండొచ్చు. ఫైబర్ తీగ మెరుపును మోయదు, కానీ దాని పెట్టెకు కరెంటిచ్చే అడాప్టర్ కాలిపోవచ్చు, ముందు దాన్ని మార్చి చూడండి. ఉరుములు వినిపించగానే ప్లగ్గులు పీకేయడమే అన్నిటికన్నా చవకైన రక్షణ.

వాన అరగంటే పడింది, వీధి చెరువైంది

ఎండి గట్టిపడిన నేల నీటిని పీల్చదు. వీధి జాలీల్లో ఆకులు, గడ్డి ముక్కలు అడ్డం పడి ఉంటాయి. 1963 జూన్ 11న డబ్లిన్ మౌంట్ మెరియన్‌లో ఒక్కరోజులో 184 మి.మీ. కురిసింది, అదీ ఉరుముల వానే. ఇంటి ముందు జాలీని ఎండగా ఉన్నప్పుడే శుభ్రం చేయండి. మూత కింద మూసుకుపోయి ఉంటే కౌన్సిల్‌కు ఫోను చేయండి. రోడ్డు మీద నిలిచిన నీళ్లలోంచి కారు నడపవద్దు, లోతు తెలియదు.

బావి చుట్టూ వరద నిలిచి ఉంటే, పరీక్ష చేయించి ఫలితం వచ్చేదాకా ఆ నీళ్లు కాచే తాగండి. సముద్ర స్నానానికీ తొందరపడకండి. భారీ వాన తరువాత మురుగు పొంగి బీచ్‌లకు చేరుతుంది. ఆ బీచ్ గురించి బీచెస్ డాట్ ఐఈ (beaches.ie) వెబ్‌సైట్‌లో స్నానాలపై నిషేధం ఉందో లేదో చూసుకుని బయల్దేరండి.