అరగలేదని వదిలేసిన టైరు: ముదిరిందో లేదో తేల్చుకోవడం ఎలా?

కారు టైరు అరిగి పాడవుతుంది, ముదిరి కూడా పాడవుతుంది. అరుగుదల కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరూ దాన్నే చూస్తారు. ముదరడాన్ని మాత్రం చాలామంది పట్టించుకోరు. నెమ్మదిగా నడిపే మంచి టైరు 40–50 వేల కిలోమీటర్లు వస్తుంది. ఏడాదికి 5 వేలు మాత్రమే తిరిగే కారుకు అంత దూరం పూర్తవ్వాలంటే ఎనిమిది, పదేళ్లు పడుతుంది. మన ఎండల్లో రబ్బరు అన్నాళ్లు ఆగదు. అందుకే తక్కువ తిరిగే కారు ఉన్నవాళ్లే టైర్ల వయసు గురించి ఎక్కువ జాగ్రత్త పడాలి.

ముందుగా తయారీ తేదీ చూడండి

టైరు పక్క భాగం మీద, అంటే సైడ్‌వాల్ మీద, చిన్న కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2319 అని ఉంటే ఆ టైరు 2019లో 23వ వారం, అంటే జూన్ మొదట్లో తయారైంది. మూడే అంకెలు ఉంటే అది 2000కు ముందుది, ఇక దాని గురించి ఆలోచించే పనే లేదు. చాలా టైర్లకు ఈ తేదీ ఒక వైపే అచ్చవుతుంది. బయట కనబడలేదంటే లోపలి వైపు ఉన్నట్టే. ముందు చక్రాలకైతే స్టీరింగ్ పూర్తిగా తిప్పి చూడొచ్చు. వెనక చక్రాలకు ఫోన్ కెమెరాను కింద నుంచి పెట్టి వీడియో తీస్తే సరిపోతుంది. నాలుగింటినీ, స్టెప్నీనీ విడివిడిగా చూడండి. సెకండ్ హ్యాండ్ కార్లలో ఐదు టైర్లకు ఐదు తేదీలు ఉండటం మామూలే.

తేదీ తెలిశాక లెక్క ఇలా వేసుకోవచ్చు. ఐదేళ్లు దాటిన టైరును ఏడాదికోసారి తెలిసినవాళ్ల చేత చక్రం విప్పించి లోపలి వైపు కూడా చూపించాలి. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్లకే మార్చమంటాయి. టైర్ల కంపెనీలు పెట్టే ఆఖరి గడువు తయారీ తేదీ నుంచి పదేళ్లు. ఆ పదేళ్లు చల్లటి నీడలో, సరైన గాలితో ఉన్న టైరుకు పెట్టిన హద్దు అనుకోవాలి. ఏటా 42–45 డిగ్రీలు చూసే ఊళ్లో, ఎండలో నిలిపే కారుకు, హైవే మీద వంద వేగంతో వెళ్లే అవసరం ఉంటే ఆరేళ్లకే మార్చడం మంచిదని మా అభిప్రాయం. కారు ఊళ్లోనే తిరుగుతూ, సెల్లార్‌లో నీడన ఉంటూ, కింద చెప్పిన లక్షణాలేవీ లేకపోతే మరో ఏడాది చూడొచ్చు.

లక్షణం: సైడ్‌వాల్ మీద, గాడుల అడుగున సన్నటి పగుళ్లు

ఎక్కువమంది అడిగేది దీని గురించే, పొరపాటు పడేదీ దీని దగ్గరే. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, ఎండ, వేడి కలిసి రబ్బరును గట్టిపరుస్తాయి. సాగే గుణం పోయిన రబ్బరు వంగినప్పుడల్లా చిట్లుతుంది. దీన్ని ఆపడానికే తయారీలో రబ్బరులో మైనం లాంటి రక్షక పదార్థాలు కలుపుతారు. టైరు తిరుగుతూ వంగుతూ ఉంటేనే అవి లోపలి నుంచి పైకి వచ్చి పొరలా పరుచుకుంటాయి. నెలల తరబడి నిలిపి ఉంచిన కారులో ఆ పొర కొత్తగా రాదు. తిరిగే కారు టైరు కంటే నిలిపిన కారు టైరు ముందుగా పగలడానికి ఇదొక ముఖ్యమైన కారణం. కొన్ని టైర్ల మీద కనిపించే గోధుమరంగు మసక కూడా ఆ రక్షక పదార్థాలదే. మురికి అనుకుని పెట్రోలు, డీజిల్‌తో తుడిచేస్తే రక్షణను మన చేత్తో మనమే తీసేసినట్టు. నూనెలా మెరిసే కొన్ని టైరు పాలిష్‌లలోనూ ఇలాంటి ద్రావకాలే ఉంటాయి. సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు.

పగుళ్లు చూసేటప్పుడు టైరును సబ్బుతో కడిగి ఆరనివ్వండి. తర్వాత టార్చి పక్క నుంచి ఏటవాలుగా వేసి చూడండి. వెంట్రుక మందాన, పైపైన, గోరుకు తగలని గీతలుంటే ఫొటో తీసి పెట్టుకుని నెల తర్వాత పోల్చండి. గోరు దిగేంత పగులు ఉన్నా, పక్కపక్కన ఉన్న పగుళ్లు కలిసి పొడవాటి గీతలా చుట్టూ తిరుగుతున్నా మార్చే సమయం వచ్చింది. పగులు లోపల దారాలు గానీ తీగలు గానీ కనిపిస్తే ఆ టైరుతో ఇంటి నుంచి కదలొద్దు, స్టెప్నీ వేసుకోండి.

గాడుల అడుగున వచ్చే పగుళ్లు సైడ్‌వాల్ పగుళ్ల కంటే ప్రమాదకరం. వాటి కింద ఉక్కు తీగల బెల్టు ఉంటుంది. వర్షం నీరు ఆ పగుళ్లలోంచి దిగితే తీగలు తుప్పు పడతాయి, తీగకు రబ్బరుకు ఉన్న పట్టు వదులుతుంది. హైవే వేగంలో, ఎండ వేడికి ట్రెడ్, అంటే రోడ్డుకు ఆనే గాడుల పొర, మొత్తం తొక్కలా ఊడిపోవడం అలా మొదలవుతుంది. గాడులు ఎంత లోతుగా ఉన్నా వాటి అడుగున పగుళ్లుంటే ఆ టైరు పని అయిపోయినట్టే. పగుళ్లకు పూత, జిగురు పెట్టి మూసే రిపేరు లేదు. ఎవరైనా చేస్తామన్నా ఒప్పుకోవద్దు.

లక్షణం: వానలో బ్రేకు వేస్తే జారుతోంది, ట్రెడ్ మాత్రం ఉంది

రెండు కారణాలు ఉండొచ్చు. మొదటిది లోతు. కొత్త కారు టైరులో గాడి లోతు 7–8 మిల్లీమీటర్లు ఉంటుంది. గాడుల్లో అక్కడక్కడ అడ్డంగా ఉండే చిన్న దిమ్మెలు 1.6 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటాయి. ట్రెడ్ ఆ దిమ్మెలతో సమమైతే చట్టం ప్రకారం కూడా టైరు అయిపోయినట్టే. దిమ్మె ఎక్కడుందో చూపడానికి సైడ్‌వాల్ పై అంచున చిన్న త్రికోణం గుర్తు గానీ టీడబ్ల్యూఐ అక్షరాలు గానీ ఉంటాయి. అయితే 1.6 వరకు ఆగడం వానాకాలానికి పనికిరాదు. లోతు 3 మిల్లీమీటర్ల కంటే తగ్గాక నిలిచిన నీటిని గాడులు సరిగా తోడలేవు, వేగంలో టైరు నీటి మీద తేలిపోవచ్చు. కాబట్టి జూన్ వచ్చేలోపు కొలిచి, 3 దగ్గరకు వచ్చి ఉంటే అప్పుడే మార్చండి. కొలవడానికి లోతు గేజ్ ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే దొరుకుతుంది. ఒక్కో టైరును లోపలి అంచు, మధ్య, బయటి అంచు దగ్గర, చుట్టూ మూడు చోట్ల కొలవాలి. అందులో అన్నిటికంటే తక్కువ వచ్చిన అంకెనే లెక్కలోకి తీసుకోవాలి, సగటు కాదు.

రెండోది రబ్బరు గట్టిపడటం. లోతు 5 ఉన్నా, ముదిరి గట్టిపడిన రబ్బరు తడి రోడ్డును సరిగా పట్టుకోదు. మామూలు బ్రేకుకే ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తరచూ గొణగడం, నున్నటి సిమెంటు ర్యాంపు మీద చక్రం గిర్రున తిరగడం దీని సూచనలు. పెద్ద టైరు షాపుల్లో రబ్బరు గట్టిదనం కొలిచే చిన్న మీటరు ఉంటుంది. షోర్ ఏ లెక్కలో కొత్త కారు టైరు దాదాపు 60–70 మధ్య చూపుతుంది. 80 దాటితే వానలో దాన్ని నమ్మొద్దు.

లక్షణం: సైడ్‌వాల్ మీద ఉబ్బు

గుంతలోనో డివైడర్ అంచుకో గట్టిగా తగిలినప్పుడు టైరు రిమ్‌కు, రాయికి మధ్య నలిగి లోపలి దారాలు తెగుతాయి. ఆ చోట గాలిని ఆపేది రబ్బరు పొర మాత్రమే కాబట్టి నిమ్మకాయలా పొంగుతుంది. టైరు నిన్న కొన్నదైనా సరే, మార్చాల్సిందే. గాలి తగ్గించి నడపడం, లోపల ప్యాచ్ వేయించడం రెండూ తప్పు. రిమ్ వంగిందేమో కూడా అప్పుడే చూపించండి. ఉబ్బు కాకుండా లోపలికి చిన్న లొట్టలా, నిలువు గీతలా ఉంటే అది తయారీలో పొరలు కలిసే చోటు కావచ్చు, సాధారణంగా హాని ఉండదు.

లక్షణం: కారు ఊగుతోంది, దడదడమంటోంది

ఏ వేగంలో అన్నదే అసలు ఆధారం. 80–100 మధ్య స్టీరింగ్ వణికి, ఆపైన తగ్గితే ముందుగా బ్యాలెన్సింగ్ చేయించండి, టైరు తప్పు కాకపోవచ్చు. 20–40 వేగంలోనే చక్రం తిరిగినప్పుడల్లా దబ్ దబ్ మని తగులుతూ, స్టీరింగ్ అటూ ఇటూ నెమ్మదిగా ఊగితే జాగ్రత్త పడాలి. రోజుల తరబడి నిలిపిన కారైతే కింద ఆనిన చోట టైరు చదునై ఉండొచ్చు. 15–20 కిలోమీటర్లు నడిపాక వేడికి అది సర్దుకుంటుంది. సర్దుకోకపోతే చదును శాశ్వతమైనట్టు, లేదా లోపల బెల్టు విడిపోతున్నట్టు.

తేల్చుకోవడానికి చదునైన నేల మీద హ్యాండ్ బ్రేకు వేసి, ఎదురు చక్రానికి రాయి పెట్టి, జాకీతో చక్రాన్ని లేపండి. కారు కిందికి మాత్రం దూరొద్దు. ఎత్తుగా నిలబెట్టిన ఇటుక మీద స్క్రూడ్రైవర్ ఆనించి దాని మొనను ట్రెడ్‌కు 2–3 మిల్లీమీటర్ల దూరంలో ఉంచి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. ఇంజిన్‌కు కలిసిన చక్రమైతే గేరు న్యూట్రల్‌లో ఉండాలి. హ్యాండ్ బ్రేకు పట్టే చక్రాన్ని ఇలా తిప్పలేరు కాబట్టి దాన్ని షాపులో లిఫ్ట్ మీద చూపించండి. ఖాళీ ఒకచోట తగ్గి మొన తగిలితే ట్రెడ్ అక్కడ లేచింది. అలాంటి టైరు మీద హైవే ఎక్కొద్దు, రిపేరు షాపు దాకా కూడా స్టెప్నీ మీదే వెళ్లండి.

లక్షణం: వారానికోసారి గాలి తగ్గుతోంది

నెలకు 1–2 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గడం మామూలే. వారానికి 4–5 తగ్గుతుంటే సబ్బు నీళ్లు మూడు చోట్ల పోసి బుడగల కోసం చూడండి: వాల్వ్ మొన, వాల్వ్ మొదలు, టైరు రిమ్‌ను కలిసే అంచు. ట్రెడ్‌లో మేకు ఉందేమో కూడా చూడండి. పాత కార్లలో రబ్బరు వాల్వే ఎక్కువగా దోషి అవుతుంది. వేలితో పక్కకు వంచితే మొదట్లో పగుళ్లు కనిపిస్తాయి. టైరుతో పాటే దాని వయసూ పెరుగుతుంది కాబట్టి టైరు మార్చినప్పుడల్లా వాల్వ్ కొత్తది వేయించండి, ఖరీదు చాలా తక్కువ. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో రిమ్ అంచు తుప్పు పట్టి గాలి కారడం ఎక్కువ. దానికి టైరు విప్పి, అంచును తీగ బ్రష్‌తో రుద్ది, సీలెంట్ పూయాలి.

పంక్చర్ విషయంలో ఒక హద్దు గుర్తుంచుకోండి. రంధ్రం ట్రెడ్ మధ్య భాగంలో, 6 మిల్లీమీటర్లకు మించకుండా ఉంటేనే రిపేరు. భుజం (ట్రెడ్, సైడ్‌వాల్ కలిసే అంచు) మీద, సైడ్‌వాల్ మీద అయితే టైరు మార్చాలి. బయట నుంచి దూర్చే తాడు కంటే లోపల నుంచి వేసే పుట్టగొడుగు ప్యాచ్ మేలు. గాలి లేకుండా కిలోమీటరు దూరం నడిపిన టైరు లోపలి గోడ నలిగి నల్లటి పొడి రాలుతుంది. ఆ పొడి కనిపిస్తే పంక్చర్ వేయించినా ప్రయోజనం లేదు.

అరుగుదల వంకరగా ఉంటే

మధ్యలో అరిగితే గాలి ఎక్కువ, రెండంచులూ అరిగితే గాలి తక్కువ, ఒకే అంచు అరిగితే అలైన్‌మెంట్ (చక్రాల కోణం) తప్పినట్టు, చుట్టూ గుంటలు గుంటలుగా ఉంటే షాక్ అబ్జార్బర్లు పాడైనట్టు. మూలాన్ని బాగుచేయకుండా కొత్త టైర్లు వేస్తే అవీ అలాగే పోతాయి. గాలి కొలత డ్రైవర్ తలుపు పక్కన అంటించిన స్టిక్కరు మీద ఉంటుంది, ఉదయం చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఎండాకాలం దారిలో వేడెక్కి 4–5 పీఎస్ఐ పెరిగిందని బంకులో గాలి తీయించకండి. చల్లారాక గాలి తక్కువై, మళ్లీ పరుగెత్తినప్పుడు సైడ్‌వాల్ ఎక్కువ వంగి ఇంకా వేడెక్కుతుంది. వేసవిలో టైర్లు పేలడానికి గాలి తక్కువగా ఉండటం ప్రధాన కారణాల్లో ఒకటి. నైట్రోజన్ నింపితే టైరు ముదరదన్న మాట కూడా నమ్మకండి. బయట నుంచి తగిలే ఎండ, ఓజోన్ దానితో ఆగవు.

స్టెప్నీ ఒక్కసారీ వాడలేదు కదా?

వాడకపోయినా వయసు ఆగదు. పదేళ్ల స్టెప్నీ కొత్తదానిలా మెరుస్తుంది, 80 వేగంలో ఊడిపోవచ్చు. దాన్ని పాత టైరు గానే లెక్కించండి. గాలి 3–4 పీఎస్ఐ ఎక్కువగా నింపి ఉంచితే అవసరానికి సరిపోతుంది. సన్నటి తాత్కాలిక స్టెప్నీ అయితే దాని మీదే గాలి కొలత ఉంటుంది, చాలావాటికి అది 60 పీఎస్ఐ. దాని మీద 80 కిలోమీటర్ల వేగం దాటొద్దు.

మార్చాలని తేలాక

షాపులో బిగించక ముందే కొత్త టైర్ల తేదీ చదవండి. ఆరు నెలల లోపువి మంచివి, ఏడాది వరకు పరవాలేదు, అంతకు మించితే వేరేవి అడగండి. ఐఎస్ఐ ముద్ర ఉండాలి. సైజుతో పాటు బరువు అంకె, వేగం అక్షరం కూడా పాతవాటికి తగ్గకూడదు. ఉదాహరణకు 185/65 ఆర్15 88హెచ్‌లో 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, హెచ్ అంటే 210 వేగం వరకు. ధర తక్కువని 84 వేస్తే అది మోసేది 500 కిలోలే. ఐదుగురు, డిక్కీ నిండా సామానుతో బయల్దేరిన రోజు ఆ తేడా తెలుస్తుంది.

రెండే కొంటే కొత్తవి వెనక్కి వేయించండి, ముందు చక్రాలు లాగే కారైనా సరే. షాపువాళ్లు ముందుకే వేస్తామంటారు. తడి మలుపులో ముందు చక్రం జారితే డ్రైవరుకు తెలుస్తుంది, వేగం తగ్గించి సర్దుకోవచ్చు. వెనక జారితే కారు గిర్రున తిరిగిపోతుంది, అది ఎవరి చేతుల్లోనూ ఉండదు. నాలుగు చక్రాలూ లాగే కార్లకు మాత్రం నాలుగూ కలిపి మార్చాలి.

బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అప్పుడే చేయించి, టైర్ల సీరియల్ నంబర్లు బిల్లు మీద రాయించుకోండి. పాత టైర్లు షాపులోనే వదిలేస్తుంటే సైడ్‌వాల్‌ను కత్తితో కోయించండి, లేదంటే అవే టైర్లు నల్ల పాలిష్‌తో ఇంకెవరి కారుకో ఎక్కుతాయి. కొత్త రబ్బరు పైపొర నున్నగా ఉంటుంది కాబట్టి మొదటి 200–300 కిలోమీటర్లు గట్టి బ్రేకులు, వేగం మలుపులు వద్దు. 100 కిలోమీటర్లు తిరిగాక చక్రాల నట్లను, కారు పుస్తకంలో ఇచ్చిన బిగువుకు, టార్క్ రెంచ్‌తో మరోసారి సరిచూపించండి.