తిరుపతిలో హైబ్రిడ్ కారుకు అడ్వాన్స్ కట్టే ముందు

• స్ట్రాంగ్ హైబ్రిడ్డా, మైల్డ్ హైబ్రిడ్డా? ముందు అది తేల్చుకోండి. హైబ్రిడ్ అంటే పెట్రోలు ఇంజనుతో పాటు కరెంటు మోటారు కూడా ఉన్న బండి. మైల్డ్‌లో ఆ మోటారు ఇంజనుకు సాయం చేస్తుందే తప్ప, ఒంటరిగా బండిని లాగదు; స్ట్రాంగ్‌లో లాగగలదు. టయోటా హైరైడర్ రెండు రకాల్లోనూ వచ్చింది కాబట్టి పేరొక్కటే చూసి సరిపెట్టుకోకండి.

• బ్యాటరీ ఖర్చు గురించే అందరికీ భయం. టయోటా కొత్త హైబ్రిడ్లకు బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. సెకండ్ హ్యాండ్ బండైతే ఇంకెంత మిగిలిందో సర్వీసు రికార్డుల్లో చూసి, కంపెనీ సర్వీస్ సెంటర్లో బ్యాటరీ పరీక్ష చేయించాకే బేరానికి కూర్చోండి.

• బ్యాటరీకి గాలి వెళ్లే జాలీ చాలా మోడళ్లలో వెనక సీటు దగ్గరే ఉంటుంది. దానికి సంచులు అడ్డం పెట్టకూడదు. మన ఎండలకు ఇది మరీ ముఖ్యం.

• టెస్ట్ డ్రైవ్ లీలామహల్ సర్కిల్ నుంచి అలిపిరి దాకా, రద్దీ వేళలోనే చేయండి. ఆగుతూ పోయే చోటే పెట్రోలు బాగా కలిసొస్తుంది. వారమంతా చెన్నై హైవే మీదే తిరిగేవాళ్లకు ఆ లాభం తగ్గుతుంది.

• తిరుమల ఘాట్ దిగేటప్పుడు మోటారు బండిని నిలువరిస్తూ కరెంటు తయారుచేస్తుంది కాబట్టి బ్యాటరీ త్వరగా నిండిపోతుంది. ఇక ఆ సాయం తగ్గుతుంది. గేరు లివర్‌లో ‘బి’ మోడ్ ఉంటే వేయండి. ఇంజను హోరు పెరిగినా కంగారు పడక్కర్లేదు, అది ఇంజను బ్రేకింగే, అంటే ఇంజనే బండి వేగాన్ని అదుపు చేయడం.

• మామూలు 12 వోల్టుల బ్యాటరీ డౌనైతే హైబ్రిడ్ కూడా స్టార్ట్ కాదు.

• ఆరెంజ్ రంగు కేబుళ్లలో హై వోల్టేజ్ ఉంటుంది. వీధి చివరి మెకానిక్‌ను వాటి మీద చెయ్యి వెయ్యనివ్వకండి, ఎంత తెలిసినవాడైనా సరే.