పాత నాణెం ఫొటోలో తళతళలాడుతోందా? డబ్బు కట్టే ముందు ఇవి చూడండి

పాత నాణేలను రుద్దో, యాసిడ్‌లో ముంచో మెరిపించి అమ్ముతుంటారు. అలా క్లీనింగ్ చేసినవాటికి విలువ తగ్గుతుంది, ఫొటోలో మాత్రం ఆ సంగతి తెలియదు. అందుకే అన్నిటికంటే ముందు వీడియో అడగండి. గదిలో ఒకే బల్బు వెలిగించి, నాణేన్ని అంచు పట్టుకుని మెల్లగా అటూ ఇటూ వంచుతూ తీసి పంపమనండి. అర నిమిషం పని. దానికి మొహమాటపడి, పార్శిల్ విప్పాక లబోదిబోమనేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది. కింద రాసినవన్నీ ఆ వీడియో మీ దగ్గర ఉందనుకునే రాస్తున్నాను.

సమస్య: బొమ్మ చుట్టూ ఖాళీ జాగాలో సన్నటి గీతలు
కారణం: గుడ్డతోనో పాలిష్‌తోనో రుద్దారు. చేతులు మారిన నాణేనికీ గీతలుంటాయి, కానీ అవి తలో దిక్కుకు పోతాయి. రుద్దిన గీతలు గుంపుగా ఒకే వైపు సాగుతాయి, అక్షరం అడ్డం రాగానే ఆగి అవతల మళ్లీ మొదలవుతాయి.
పరిష్కారం: వదిలేయండి. ఆ గీతలు పోవు.

సమస్య: అరిగిన రాగి నాణెం అంతా ఒకే గులాబీ ఎరుపు
కారణం: యాసిడ్. సహజంగా నిలిచిన రాగిలో ఎరుపు మిగిలితే అక్షరాల సందుల్లోనే మిగులుతుంది. ఎత్తుగా ఉన్న చోట్లు గోధుమ రంగుకు తిరుగుతాయి.
పరిష్కారం: ఇదీ వదిలేయడమే.

సమస్య: వెండి నాణెం తెల్లగా ఉంది, ఒక్క గీతా లేదు, అయినా ఎక్కడో తేడా కొడుతోంది
కారణం: డిప్పింగ్, అంటే నలుపు పోవడానికి ద్రావణంలో ముంచడం. అందరూ గీతల కోసమే వెతుకుతారు కాబట్టి పాతకాపులు కూడా ఇక్కడే బోల్తా పడతారు. వెండి నల్లబడటమంటే గాలిలోని గంధకంతో కలిసి పైన సిల్వర్ సల్ఫైడ్ పొర కట్టడం. థయోయూరియా కలిపిన యాసిడ్ ద్రావణంలో కొన్ని సెకన్లు ముంచితే ఆ పొర కరిగిపోతుంది. ఒక్కసారి, తక్కువసేపు ముంచితే పెద్దగా తెలియదు. ఎక్కువసేపు ఉంచినా, మళ్లీ మళ్లీ ముంచినా పొర కింది లోహం కూడా తినేస్తుంది.

అచ్చు కొట్టినప్పుడు లోహం అంచువైపు పారుతూ కంటికి ఆనని సన్నటి జాడలు వదులుతుంది. వాటివల్లే, కొత్తదనం పోని నాణేన్ని వంచితే వెలుగు పట్టీలు బండి చక్రం ఆకుల్లా తిరుగుతాయి. యాసిడ్ తినేసేది ఆ జాడలనే. తెలుపు ఉంటుంది, కదలిక ఉండదు. నిలకడ ఫొటోలో కొత్తదనం పోని నాణెం, అతిగా ముంచిన నాణెం ఒకేలా కనిపిస్తాయి, అందుకే వీడియో అడగమన్నది.

ఇంకో గుర్తు: బొమ్మలో చెంప, జుట్టు అరిగి చదునైపోయాయి, నాణెం మాత్రం కొత్తదానిలా తెల్లగా ఉంది. అంత వాడకం చూసిన వెండి బూడిద రంగులో ఉండాలి. అక్షరాల మూలల్లో పసుపు, గోధుమ మరకలుంటే ముంచాక సరిగా కడగలేదన్నమాట.
పరిష్కారం: అమ్మేవాళ్లను సూటిగా అడగండి. నాణెం ఎంత బాగుందో పరీక్షించి అంకె వేసే గ్రేడింగ్ సంస్థలు, అతిగా ముంచినవాటికి ఆ అంకె ఇవ్వకుండా 'డీటెయిల్స్' (అంటే లోపం ఉన్నది) అని రాస్తాయి. మీరూ ఆ లెక్కనే ధర కట్టండి. కొనేశాక నల్లబరచాలని సొంత వైద్యం మొదలుపెట్టకండి.

వైర్ బ్రష్ పట్టించినవి, లక్క పూత వేసినవి అరుదు. వీటినీ వీడియోలో చూసుకోండి.

పచ్చటి జిగురు కనిపిస్తే మాత్రం కంగారు వద్దు, అది క్లీనింగ్ కాదు. నాణెం దాచిన పీవీసీ (ఒక రకం ప్లాస్టిక్) కవర్ చేసిన పని. లోహాన్ని తినకముందైతే స్వచ్ఛమైన అసిటోన్‌లో ఉంచి, రుద్దకుండా తీస్తే పోతుంది. గాలి ఆడే చోట, మంటకు దూరంగా చేయండి.